చద్దరు మీద మాయాబజార్

(సంక్రాంతి సెలవుల్లో నల్లగొండలోని ఒక గ్రంథాలయంలో, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికి శనార్తులు. పండుగ పనులు అట్లనే ఉంచి, సకినాల పిండి తడిపి పెట్టి గూడ ఇంతమంది వచ్చిన్రు, సంతోషం. వెనుక నిలబడ్డ పిల్లలు ముందరికి రాండ్రి. ఈ మూలకు జంపఖానా పరిచిన్రు, మంచిగ కూసోండ్రి.

"సెలవుల్ల మీరు దోస్తులంత కలిసి పాత సినిమాలు చూస్తరట గద సార్, దాని మీద మాట్లాడుండ్రి" అని అడిగిన్రు. అడిగినందుకు మొక్కుతున్న. నేను ముప్పై నాలుగేండ్లు సర్కారు బడిల తెలుగు చెప్పిన. ఆ చదువు నాకు ఎంత ఇచ్చిందో, ఏడాదికొక్కసారి స్లాబు మీద చద్దరు కట్టి దోస్తులతోని చూసిన సినిమాలు గూడ అంతే ఇచ్చినయి. ఆ మాట దాచుకోను.

మేం నలుగురం. మాది దేవరకొండ దిక్కు ఊరు. ఒకాయన ఆర్టీసీల కండక్టర్ చేసి దిగిండు. ఒకాయనది ఉర్దూ మాట్లాడే ఇల్లు, రేడియోలు టీవీలు బాగు చేసేది, ఇప్పటికీ ఏ మిషనైనా ఆయన చెయ్యి పడితేనే నడుస్తది. మూడో ఆయన అచ్చంపేట కాడినుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చిండు, ఊరంతటికీ బావ. మేస్త్రీ పని. బతుకుదెరువుకు బొంబాయి పోయి ఇరవై ఏండ్లు అక్కడనే గోడలు కట్టిండు. నాలుగోది నేను. ఏటా దసరాకో సంక్రాంతికో, ఏ పండుగకు నలుగురం ఊర్ల ఉంటే ఆ పండుగకు, ఒక పాత సినిమా పెట్టుకుంటం. పేర్లు పడ్డ కాడినుంచి శుభం దాక. 1986 దసరాకు మొదలైంది.

ఆ మొదటిసారి ఎట్లయ్యిందో చెప్పాలె. అప్పుడు వీడియో కిరాయికి ఇస్తుండె. రంగుల టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు, ఒక రాత్రికి ఇంత అని. ఊరంత తలా కొంత పోగు చేసినం. నల్లగొండకు వచ్చి, టీవీని బొంతల చుట్టి, బస్సుల సీటు మీద పసిపిల్లను పండబెట్టినట్టు పెట్టి, ఇద్దరం రెండు దిక్కుల పట్టుకొని పోయినం. గతుకు వచ్చినప్పుడల్ల డ్రైవరు అన్న వెనుకకు మల్లి "పైలం, పైలం" అనేది. ఊరికి పోయినంక క్యాసెట్ పెడితే బొమ్మంత గీతలు. మా మెకానిక్ దోస్తు డెక్కు మూత ఇప్పి, జేబులకెల్లి కొత్త రెండు రూపాయల నోటు తీసి, హెడ్డుకు ఆనిచ్చి నిమ్మలంగ తుడిచిండు. గీతలు పోయినయి. మాయాబజార్ మొదలైంది.

మేం నలుగురం ఆ సినిమా అప్పటికే ఏడెనిమిదిసార్లు చూసి ఉన్నం. పక్క ఊర్ల డేరా టాకీసు పడుతుండె. పొద్దుమీకి ఘంటసాల గొంతుల వెంకటేశ్వరస్వామి పాట మైకుల వచ్చిందంటే, ఇగ టికెట్లు ఇస్తున్నరన్నట్టు. నేల టికెట్ తీసుకొని, ఇసుక కుప్ప చేసి దాని మీద కూసుంటే కుర్చీ ఎందుకు? అంతబాగ చూసిన సినిమా. అయితే ఆ రాత్రి టీవీల ఒక కాడ మేం నలుగురం ఒక్కసారే ఒకల మొఖం ఒకలం చూసుకున్నం.

ఏందంటే, మా ఊర్ల ఎవలన్న మంచి పని చేసినా, మంచి మాట అన్నా, పెద్దమనుషులు "ఏయుండ్రా వీనికో వీరతాడు" అనేది. బాయిల మునిగిన బర్రెదూడను పైకి తీసినోనికి వీరతాడు. పంచాయితీల సూటిగ మాట్లాడినోనికి వీరతాడు. అది మా ఊరి సామెత అనుకున్నం. మా తాతల నాటి మాట అనుకున్నం. ఆ రాత్రి టీవీల ఘటోత్కచుడు, మాటలు ఎవలో ఒకలు పుట్టించకుంటే ఎట్ల పుడతయని తన మనిషిని మెచ్చుకొని వీరతాడు వేయిస్తుండు! మేం ఎన్నడూ చూడని సీను. డేరా టాకీసుకు వచ్చిన ప్రింటుల ఆ ముక్క తెగిపోయిందన్నట్టు. ప్రింటు ఊరూరు తిరిగి తిరిగి, తెగిన కాడల్ల ముక్క తీసేసి అతికించి, అతికించి మా దాక వచ్చేది. మా ముందటి తరం పెద్దలు నిండు ప్రింటు చూసిన్రు. మేం అరిగిపోయింది చూసినం. సీను పోయింది గని, మాట ఊర్ల నిలిచింది.

ఆ మాటలు పుట్టించినాయన పింగళి నాగేంద్రరావు గారు. అసమదీయులు, తసమదీయులు, గింబళి, గిల్పం. ఇవి నిఘంటువుల దొరికే మాటలు కావు. గని దేవరకొండ పక్క పల్లెల, సినిమా అంటే ఏందో సక్కగ తెలియని ముసలామె నోట్ల గూడ వీరతాడు అనే మాట ఆడింది. తెలుగు సారుగ నేను ఎన్ని కొత్త మాటలు నేర్పిన్నో లెక్కలేదు. ఒక మాట బతకాలంటే ఏం కావాల్నో నాకు ఆ రాత్రి సమజైంది. పదిమంది కలిసి వినాలె. కలిసి నవ్వాలె. తెల్లారి పొలం కాడ ఒకలతోని ఒకలు అనాలె. ఒక్కడే కూసొని చూస్తే ఆ మాట ఎవలతోని అంటడు?

అందుకే మా కాడ ఒక కట్టుబాటు ఉన్నది. డైలాగు ముందుగాల చెప్పేటోణ్ణి ఎవలూ ఆపొద్దు. సినిమా హాల్ల అట్ల చెప్తే తిడతరు. మా స్లాబు మీద మాత్రం చెప్పాలె. ఇంకో కట్టుబాటు, ఫోన్లన్ని మెట్ల కాడ గంపల ఏసి రావాలె. మొన్నటేడు హైదరాబాద్ నుంచి వచ్చిన మా అల్లునికి కష్టమైంది. మొదటి అర్ధగంట చెయ్యి జేబు కాడికి పోయి పోయి వచ్చింది. ఇంటర్వల్ అయినంక పోలేదు.

"తెలిసిన కథే గద, ఎందుకు మళ్ళ చూసుడు" అని పిల్లలు అడుగుతరు. అడగాలె, తప్పు లేదు. మన కాడ బాగోతం ఆడుతరు. చిందోళ్ళు వస్తరు, ఒగ్గోళ్ళు వస్తరు. మల్లన్న కథ ఎవలికి తెల్వదు? బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకపోతడని ఎవలికి తెల్వదు? తెలిసే జనం చీకటిపడకముందే పోయి ముందర జాగ పట్టుకుంటరు. ఈసారి వేషం కట్టినోడు ఎట్ల ఆడుతడు, ఏ కాడ గొంతు ఎత్తుతడు, నిరుడు ఏడిపించినంత ఏడిపిస్తడా, అది చూడనీకి పోతరు. కథ ఏమైతదో అన్న తొందర లేదు గనుక కండ్లు ఖాళీగ ఉంటయి. ఆ ఖాళీ కండ్లకే పనితనం కనబడుతది.

ఒక్కటి దగ్గరికెల్లి చూపిస్త. మాయాబజార్ల సావిత్రమ్మ శశిరేఖ. తర్వాత ఘటోత్కచుడు మాయ శశిరేఖగ మారుతడు గద, అది గూడ సావిత్రమ్మనే. మొదటిసారి చూసినప్పుడు మనకు నవ్వొస్తది, అంతే. మూడోసారో నాలుగోసారో చూస్తే ఆమె భుజాలు చూస్తం. ఎస్వీ రంగారావు గారి నడక, ఆయన ఛాతి ముందుకు పెట్టే తీరు, గద పట్టుకోను అలవాటైన చెయ్యి ఎట్ల ఊగుతదో, అదంత ఆ సన్నపు పిల్ల ఒంట్లకు తెచ్చింది. ఎవలన్న రాంగనే ఆ భుజాలు టక్కున దిగుతయి, కండ్లు వాలుతయి, ఆడపిల్ల అయితది. వాండ్లు అటు మల్లంగనే మళ్ళ భుజాలు లేస్తయి. అంటే ఆమె ఆడపిల్లగ నటించుతలేదు. ఆడపిల్లగ నటిస్తున్న రాక్షసునిగ నటిస్తున్నది. రెండు పొరలు. 'అహ నా పెళ్ళియంట' పాటల సుశీలమ్మ గొంతుల నడుమ ఘంటసాల గొంతు దుంకుతది చూడుండ్రి, ఆ కాడ ఆమె మొఖం చూడుండ్రి. నేను నలభై ఏండ్ల సంది చూస్తున్న. నిరుడు గూడ ఒక కొత్త సంగతి కనబడ్డది. ఆమె నవ్వు ఆపుకునే కాడ గదవ కొంచెం పక్కకు తిప్పుతది. (చప్పట్లు)

ఇగ మా బావ ముచ్చట. బొంబాయిల మన పాలమూరు లేబర్ ఎట్ల బతికిందో ఇక్కడ కూసున్నోళ్ళల్ల చానమందికి తెలుసు. కట్టే బంగ్ల కిందనే రేకులు ఏసుకొని ఉండేది. పగలంత సిమెంటు, రాత్రి దోమలు. అక్కడ మా బావ సినిమా కథ చెప్పేటోడు. డైలాగులతోని, పాటలతోని, పద్యాలతోని. ఒక్క మాయాబజారే నాలుగు రాత్రులు చెప్పేదట. పిల్లలు పనుకునేదట గని పెద్దోళ్ళు పనుకోకపొయ్యేది. ఆయన చెప్పుట్ల ఆఖరుకు, పెండ్లి కాడికి భీముడు గద పట్టుకొని వచ్చేది. కొడుకు ఘటోత్కచుణ్ణి అలుముకునేది. ఆ కాడ లేబర్ క్యాంపంత ఈల కొట్టేదట.

ఒక సంక్రాంతికి ఊరికి వచ్చిండు, మాయాబజార్ పెట్టినం. ఆఖరు దగ్గరపడ్డది. బావ లేచి నిలబడ్డడు, "ఇగ వస్తడు సూడు భీముడు" అన్నడు. రాలే. శుభం పడ్డది. బావ అట్లనే నిలబడి ఉన్నడు. "భీముడేడి?" అన్నడు. మళ్ళ తిప్పి చూసినం. భీముడు లేడు. ధర్మరాజు లేడు. అర్జునుడు లేడు. మూడు గంటల సినిమా, పాండవుల ఇంటి కథ, పాండవులు ఒక్కసారి గూడ తెర మీదికి రారు! కె.వి.రెడ్డి గారు అట్ల తీసిండు. వాండ్ల గురించి మాటలు నడుస్తయి, కష్టాలు తెలుస్తయి, మనిషి మాత్రం కనబడడు. ఆ సంగతి మేం నలుగురం అన్నిసార్లు చూసి గూడ గుర్తు పట్టలేదు. కనబడనోణ్ణి మా బావ బొంబాయిల తెచ్చి నిలబెట్టిండు. ఇల్లు ఇడిచిన కొడుకు కాడికి తండ్రి రావాలని ఆ క్యాంపుల వినేటోళ్ళకు అనిపించి ఉంటది. ఆయన చెప్పింది తప్పని నేను అనను.

ఆ సినిమాకు కెమెరా మార్కస్ బార్ట్‌లీ. వెన్నెల పాట, అదే పడవల పోయే పాట, ఆ వెన్నెల నిజం చంద్రునిది కాదు, ఆయన పనితనంతోని చేసిందే. ద్వారక పట్నం చూపించనీకి చిన్న చిన్న ఇండ్లు వందల కొద్ది కట్టి, ఇంటింటికీ దీపం పెట్టిన్రు. మా మెకానిక్ దోస్తు ఆ ద్వారక వచ్చినప్పుడల్ల "ఒక్కొక్క దీపానికి వైరు గుంజిన్రు భాయ్" అంటడు. అందరం ద్వారక చూస్తే ఆయన వైరు చూస్తడు. ఆయన అట్ల అనబట్టే నాకు ఆ పట్నం వెనుక చేతులు కనబడ్డయి. ఇదే కలిసి చూసుట్ల ఉన్న లాభం. నాలుగు జతల కండ్లు నాలుగు తీర్ల చూస్తయి.

2010ల మాయాబజార్‌కు రంగులు అద్ది విడుదల చేసిన్రు. మంచి పనే, కష్టపడి చేసిన్రు, దాని వల్ల కొత్త పిల్లలు చూసిన్రు. అయినా నేను అడిగినోళ్ళందరికీ చెప్తున్న, మీ పిల్లలకు ముందుగాల నలుపు తెలుపే చూపించుండ్రి. బార్ట్‌లీ వెలుగు నీడలు ఆ రెండు రంగుల లెక్కతోని పెట్టినవి. పిల్లలు పది నిమిషాలు సతాయిస్తరు, పదకొండో నిమిషానికి మర్చిపోతరు. బడిల చూపిచ్చి చెప్తున్న.

ఇంకో సంగతి. అందుల శర్మ, శాస్త్రి గోంగూర గొప్పతనం చెప్పే కాడ, అది ఆంధ్ర శాకం అంటరు. ఆ మాట రాంగనే మా కండక్టర్ దోస్తు లేచి "పుంటికూర!" అని కేక ఏస్తడు. గోంగూరకు మన దిక్కు పేరు అది. నలభై ఏండ్ల సంది ఏసుడే. ఇప్పుడు స్లాబు మీద ఉన్న పిల్లలంత ఆయనతోని ఏస్తరు. (నవ్వులు) నవ్వుకున్నా, ఆ కేకల ఒక సంగతున్నది. ఆ పాత సినిమాలు మనవే, మనం ప్రాణం పెట్టి ప్రేమించినం. గని వాటిల మన ఇంట్ల మాట్లాడే మాట వినబడకపొయ్యేది. మన పుంటికూర తెర మీదికి రానీకి చాన ఏండ్లు పట్టింది.

వచ్చినప్పుడు ఎట్ల వచ్చిందో చెప్త. 1979ల మా భూమి. గౌతమ్ ఘోష్ డైరెక్టర్, బెంగాలీ ఆయన. బి. నర్సింగరావు గారు, రవీంద్రనాథ్ గారు నిర్మాతలు. కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల మూలం. నిజాం కాలం నాటి దొరలు, వెట్టి, సాయుధ పోరాటం, అంత మన నల్లగొండ మట్టి మీద నడిచిన చరిత్రనే. గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' అందులదే. అది రాసిన బండి యాదగిరి పోరాటంల పాడినాయన. 'పల్లెటూరి పిల్లగాడా' పాట రాసింది సుద్దాల హనుమంతు గారు, మన జిల్లా బిడ్డ. సినిమా రాకముందు ముప్పై ఏండ్ల సంది ఊర్లల్ల పాడుకున్న పాట అది.

మా కండక్టర్ దోస్తు, ఇప్పుడు పుంటికూర అని కేక ఏసినాయన, చిన్నప్పుడు జీతమున్నడు. ఏడెనిమిదేండ్ల పిల్లగాడు, ఒక ఇంట్ల పసులు కాసిండు. రెండేండ్లు. తర్వాత హాస్టల్ల ఏసిన్రు, చదువుకున్నడు, నౌకరి చేసిండు. వెట్టి జీతాలను రద్దు చేసిన చట్టం 1976ల వచ్చింది. ఆయన జీతమున్న దినాలు అంతకు ముందటివి. ఆ దినాల గురించి మాకు ఎన్నడూ ఏం చెప్పలే. మేం అడగలే.

మొదటిసారి మా భూమి క్యాసెట్ దొరకవట్టుకొని పెట్టుకున్న ఏడు, పసులు కాసే ఆ 'పల్లెటూరి పిల్లగాడా' పాట మొదలైంది. సంధ్య గారి గొంతు. వాయిద్యాలు పెద్దగ ఏం ఉండయి, గొంతే. ఆయన లేచిండు. నీళ్ళకు పోతుండేమో అనుకున్నం. పిట్టగోడ కాడికి పోయి, చీకటి దిక్కు మొఖం పెట్టి, రెండు చేతులు గోడ మీద పెట్టుకొని నిలబడ్డడు. పాటయ్యెదాక అట్లనే. పాటయినంక వచ్చి కూసున్నడు. పల్లీల పొట్లం అందుకున్నడు. ఎవలం ఏం అనలే. మళ్ళ రెండేండ్లకో మూడేండ్లకో ఆ సినిమా పెట్టుకున్నం, మళ్ళ అట్లనే లేచిండు. ఆ సినిమా పెట్టొద్దా అని నేను ఒకసారి పక్కకు తీసుకపోయి అడిగిన. "పెట్టాలె" అన్నడు. "నువ్వు చూడవు గద" అన్న. "వింటున్న గద" అన్నడు.

నాలుగేండ్ల కింద ఆయన మనవరాలు వచ్చింది, ఆరేండ్ల పిల్ల. తాత లేచిండు గదా అని వెంబడి పోయింది. గోడ ఆ పిల్లకు ఎత్తు, ఏం కనబడది. తాత చిటికెన వేలు పట్టుకొని, గోడ దిక్కు మొఖం పెట్టుకొని నిలబడ్డది. పాటయినంక "తాతా, పసులంటే బర్లా, ఆవులా?" అని అడిగింది. ఆయన కూసొని చెప్పుడు మొదలుపెట్టిండు. ఏ ఇంట్ల ఉన్నడు, ఎన్ని బర్లు, ఏ గుట్ట కాడికి తోలుకపొయ్యేది, సద్దిల ఏం కట్టేది, ఎండకాలం బండల మీద కాళ్ళు ఎట్ల కాలేది. సినిమా దానంతట అది నడుస్తనే ఉన్నది. మా మెకానిక్ దోస్తు నిమ్మలంగ లేచి పోయి సౌండు తగ్గించిండు. మధ్యల ఆపొద్దన్న కట్టుబాటు మాకు ఉన్నది. ఆ ఒక్క రాత్రి సినిమా సగంల ఆగిపోయింది. మేం యాభై ఏండ్ల దోస్తులం. మాకు గూడ అది మొదటిసారి వినుడే.

(ప్రసంగకర్త కొద్దిసేపు ఆగారు.)

దాసి గురించి రెండు ముక్కలు. నర్సింగరావు గారే తీసిండు, 1988. దొర గడిల బానిసలోలె పనిచేసే ఆడోళ్ళ, ఆడబాపల బతుకు. అయిదు జాతీయ అవార్డులు వచ్చినయి. అర్చన గారికి ఉత్తమ నటి, వైకుంఠం గారికి కళా దర్శకత్వం. దుస్తులకు అవార్డు తీసుకున్నది మన మిర్యాలగూడ ఆయన, పిట్టంపల్లి సుదర్శన్ గారు. అవార్డు వచ్చినంక ఆయన పేరే దాసి సుదర్శన్ అయ్యింది. ఆ సినిమా మా వదినలు, చెల్లెండ్లు చూడాలన్నరు, మేం కింద కూసున్నం, వాండ్లు పైన చూసిన్రు. అర్ధరాత్రి దాటినంక గూడ దిగి రాలే. ఏం మాట్లాడుకున్నరో మాకు చెప్పలే.

పిల్లలకు కాంతారావు గారి గురించి చెప్పాలె. తాడేపల్లి లక్ష్మీకాంతారావు. కోదాడ పక్కన గుడిబండ ఆయనది. 1923ల పుట్టిండు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా గని, అప్పుడు మన నల్లగొండనే. మద్రాసుల అంతమంది పెద్ద నటుల నడుమ మన పల్లెటూరి మనిషి కత్తి పట్టుకొని నిలబడి, విఠలాచార్య గారి జానపదాలల్ల రాజకుమారుడయ్యిండు. లవకుశల లక్ష్మణుడు. ఎన్ని సినిమాలల్ల నారదుడో లెక్క పెట్టలేం. సంపాదించింది సొంతంగ సినిమాలు తీసి పోగొట్టుకున్నడు, ఆఖరు దినాలల్ల ఇబ్బంది పడ్డడు, 2009ల పోయిండు. తుంగతుర్తి నుంచి ప్రభాకర్ రెడ్డి గారు, డాక్టర్ చదివి నటుడైనాయన. సినిమా కార్మికుల ఇండ్ల జాగ కొరకు కొట్లాడిండు, చిత్రపురికి ఆయన పేరు పెట్టుకున్నరు. మా పిల్లలు అమెరికా హీరోల పేర్లు గడగడ చెప్తరు. గుడిబండ ఏడున్నది అంటే తెల్వదు. ఇది వాండ్ల తప్పు కాదు. మనం కూసోబెట్టి చూపించకుంటే వాండ్లకు ఎట్ల తెలుస్తది?

నేను బడిల తిక్కన విరాటపర్వం పద్యం చెప్పాల్సి వచ్చింది. 'కాంచనమయ వేదికా' అని మొదలైతది, సీసం. ఉత్తరకుమారునికి బృహన్నల రథంల నిలబడి, దూరంగ ఉన్న కౌరవ వీరులను జెండాల గుర్తులతోని చూపిస్తడు. బంగారు వేదిక ఉన్న జెండా ద్రోణునిది, సింహం తోక అశ్వత్థామది, బంగారు ఎద్దు కృపునిది, శంఖం కర్ణునిది. పిల్లలకు నోరు తిరగదు. సమాసాలు గుట్టలోలె ఉంటయి. నేను బోర్డు మీద జెండాలు గీసి చెప్పిన, రాలే. ఆ దసరా సెలవులకు పదోతరగతి పిల్లలను ఒక పదిహేను మందిని మా స్లాబు మీదికి పిలిచి నర్తనశాల పెట్టిన. 1963 సినిమా, కమలాకర కామేశ్వరరావు గారు తీసింది. ఆ పద్యం ఘంటసాల గొంతుల వచ్చింది. ఎన్టీఆర్ చెయ్యి చూపిస్తుంటే ఒక్కొక్క జెండా. మా బావ, బడి మొఖం సక్కగ చూడని మనిషి, తిక్కన పద్యం మొదటి పాదం నుంచి ఆఖరు దాక ఘంటసాలతోని కలిసి పాడిండు. పిల్లలు సినిమా ఇడిచిపెట్టి ఆయన దిక్కే చూసిన్రు. "పెద్దనాయనా, నీకు ఎట్ల వచ్చు?" అంటే, "బొంబాయిల పాడెటోణ్ణి బిడ్డా, ఎవలన్న ఈల కొడతరని" అన్నడు. సెలవులైనంక బడికి పోతే పదిహేను మందికీ ఆ పద్యం వచ్చు. నేను ముప్పై నాలుగేండ్లల్ల చెప్పిన పాఠాలల్ల అంత బాగ చెప్పిన పాఠం ఇంకోటి లేదు, ఆ పాఠం చెప్పింది మా బావ.

ఆ సినిమాల కీచకుడు ఎస్వీ రంగారావు గారు. జకార్తల జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంల ఆయనకు ఉత్తమ నటుని బహుమతి వచ్చింది. అందుల ఒక పాట మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడిన్రు. కృష్ణుడు ఎవలు? మన గుడిబండ కాంతారావు గారు. అందుకే ఈసారి మేం నలుగురం ఆ సినిమానే అనుకున్నం, గ్రంథాలయం వాండ్లను అడిగితే ముందరి ఖాళీ జాగ ఇస్తమన్నరు. కనుమ నాడు రాత్రి ఏడు గంటలకు మొదలైతది. మూడు గంటలకు దగ్గర ఉంటది, నడుమల ఒక్కసారి ఆపుతం. తెర మా మెకానిక్ దోస్తు కడతడు, కరెంటు పోతే బ్యాటరీ గూడ పెట్టుకున్నడు. మా బావ అచ్చంపేట నుంచి పల్లీలు తెస్తుండు, రెండు సంచులు. మీ ఇంట్ల సకినాలు మిగిలితే తేండ్రి. చలి ఉంటది, ముసలోళ్ళకు శాలువ, పిల్లలకు టోపీ మర్చిపోవద్దు. ఫోన్లకు గేటు కాడ గంప ఉంటది. పద్యం వచ్చినోళ్ళు ముందర కూసోండ్రి, రానోళ్ళు మా బావ పక్కన కూసోండ్రి.

ఉంట మరి. శనార్తులు.